వీసా బులెటిన్ చదివి గ్రీన్‌కార్డు దరఖాస్తుకు సిద్ధం కావడం ఎలా?

ప్రతి నెలా సుమారు మధ్య రోజుల్లో అమెరికా విదేశాంగ శాఖ మరుసటి నెలకు సంబంధించిన వీసా బులెటిన్‌ను, అంటే గ్రీన్‌కార్డు వరుసలో ఏ తేదీ వరకు ఉన్నవారి వంతు వచ్చిందో చెప్పే పట్టికలను, విడుదల చేస్తుంది. అది వెలువడిన కాసేపటికే డాలస్ నుంచి న్యూజెర్సీ వరకు తెలుగువారి వాట్సాప్ గ్రూపులన్నీ "ఈసారి ఎంత కదిలింది?" అన్న ప్రశ్నతో నిండిపోతాయి. ఆ ఆరాటం సహజమే గాని, ఆ ప్రశ్నకు దొరికే జవాబుతో మీరు చేయగలిగినది దాదాపు ఏమీ ఉండదు. మీరు వేసుకోవలసిన ప్రశ్న వేరు: ఈ నెలలో నేను ఐ-485 (అమెరికాలో ఉంటూనే గ్రీన్‌కార్డు కోరే ఫారం) దరఖాస్తు వేయడానికి వీలుందా, ఉంటే దానికి కావలసిన కాగితాలన్నీ ఇప్పుడు నా దగ్గర ఉన్నాయా? హెచ్-1బీ వీసాపై అమెరికాలో ఉద్యోగం చేస్తూ, యజమాని ద్వారా ఈబీ-2 లేదా ఈబీ-3 అనే ఉద్యోగ ఆధారిత కేటగిరీలో గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న వారిని దృష్టిలో పెట్టుకొని, ఈ రెండు ప్రశ్నలకూ జవాబు రాబట్టుకొనే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, ఈ వరుస ఎందుకు ఏర్పడిందో తెలుసుకోండి

పట్టికలోని తేదీలు ఎందుకు ముందుకూ వెనక్కూ పోతాయో అర్థం కావాలంటే, వాటి వెనుక ఉన్న చట్టం చేసే లెక్క కొంతైనా తెలియాలి. 1946లో వచ్చిన లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు ఏడాదికి 100 వలస వీసాలు మాత్రమే కేటాయించింది. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన చట్టం జాతి మూలాలను బట్టి కోటాలు నిర్ణయించే పద్ధతిని ఎత్తివేసింది. నేడు మనకు వర్తిస్తున్న అంకెలను మాత్రం 1990 నాటి చట్టం నిర్ణయించింది. దాని ప్రకారం ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు ఏడాదికి కనీసం 1,40,000. అందులో ఈబీ-1, ఈబీ-2, ఈబీ-3 కేటగిరీలకు ఒక్కొక్కదానికి 28.6 శాతం, అంటే సుమారు 40,040 చొప్పున దక్కుతాయి. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ మొత్తంలో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్నది దీనికి తోడైన షరతు. నూట నలభై కోట్ల జనాభా గల భారతదేశానికైనా, కొన్ని లక్షల జనాభా గల ఐస్‌లాండ్‌కైనా పరిమితి అదే.

ఈ లెక్కన భారతదేశంలో పుట్టినవారికి ఈబీ-2లో స్థూలంగా ఏడాదికి 2,800 గ్రీన్‌కార్డులే మిగులుతాయి. ఉద్యోగితో పాటు భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చే కార్డులు కూడా ఈ అంకెలోనే కలిసిపోతాయి కాబట్టి, నలుగురున్న కుటుంబానికి నాలుగు కార్డులు ఖర్చయినట్లే. అయితే ఇతర దేశాలవారు వాడుకోక మిగిలిన కార్డులు, అదే కేటగిరీలో అందరికన్నా ముందునుంచి వేచి ఉన్నవారికి, వారు ఏ దేశస్థులన్నది చూడకుండా వెళ్లాలని కూడా చట్టమే చెబుతోంది. భారతీయులకు కొన్ని సంవత్సరాలు ఊహించనంతగా కలిసిరావడానికి కారణం ఈ మిగులే. కోవిడ్ కాలంలో విదేశాల్లోని కాన్సులేట్లు మూతపడి కుటుంబ ఆధారిత వీసాలు మిగిలిపోయాయి. అవి మరుసటి ఏడాది ఉద్యోగ కోటాకు బదిలీ కావడంతో, 2021 ఆర్థిక సంవత్సరంలో ఆ కోటా 2 లక్షల 60 వేలు దాటింది, 2022లో 2 లక్షల 80 వేలు దాటింది.

చట్టం మారితే ఈ చిక్కు తీరిపోతుందని ఆశపడి చేతులు కట్టుకొని కూర్చోకండి. దేశాలవారీ పరిమితిని ఎత్తివేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గింది. సెనేట్ 2020 డిసెంబరులో తన సొంత రూపాన్ని ఆమోదించింది. రెండింటికీ పొత్తు కుదరక ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది.

మీ ప్రయారిటీ డేట్‌ను కాగితంపై చూసి నిర్ధారించుకోండి

వరుసలో మీ చోటును నిర్ణయించేది ప్రయారిటీ డేట్. మీ కోసం యజమాని కార్మిక శాఖలో పెర్మ్ (ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్లు దొరకలేదని చూపే) దరఖాస్తు దాఖలు చేసిన రోజే మీ ప్రయారిటీ డేట్ అవుతుంది. నేషనల్ ఇంటరెస్ట్ వేవర్ లాగా పెర్మ్ అవసరం లేని దారిలో వెళ్లినవారికి, గ్రీన్‌కార్డు అర్హతను నిరూపించే వలస పిటిషన్ అయిన ఐ-140 దాఖలైన రోజును తీసుకుంటారు. "మా హెచ్ఆర్ ఫలానా నెలలో మొదలుపెట్టామన్నారు" అన్న మాటపై ఆధారపడవద్దు. జీతం నిర్ధారణకు, ఉద్యోగ ప్రకటనలకు నెలల తరబడి సమయం పట్టిన తరువాతనే పెర్మ్ దాఖలవుతుంది కాబట్టి, పని మొదలైన నెలకూ ప్రయారిటీ డేట్‌కూ మధ్య ఏడాదికి పైగా తేడా ఉండవచ్చు. ఐ-140 ఆమోదం పొందినట్లు తెలిపే ఐ-797 నోటీసు పై భాగంలో, రసీదు నంబరు ఉన్న గళ్ల వరుసలోనే ప్రయారిటీ డేట్ అన్న గడి ఉంటుంది. అందులో అచ్చయిన తేదీయే ప్రమాణం. ఆ నోటీసులోనే మీ కేటగిరీ ఈబీ-2యా, ఈబీ-3యా అన్నది కూడా ఉంటుంది.

ఐ-140 యజమాని దరఖాస్తు కాబట్టి నోటీసు నేరుగా కంపెనీకో, వారి లాయరుకో వెళుతుంది. కొన్ని కన్సల్టెన్సీలు ఉద్యోగి వెళ్లిపోతాడేమోనన్న భయంతో ఆ కాగితాన్ని చూపించకుండా దాచిపెడుతుంటాయి. అటువంటి పరిస్థితి మీకు ఎదురైతే, సమాచార హక్కు వంటి ఫోయా చట్టం కింద, వలస దరఖాస్తులను పరిశీలించే ప్రభుత్వ సంస్థ అయిన యూఎస్‌సీఐఎస్‌కు ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టి మీ ఫైలు ప్రతిని తెప్పించుకోవచ్చు. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోండి. పెర్మ్‌కు అయ్యే లాయరు ఫీజును గాని, ప్రకటనల ఖర్చును గాని ఉద్యోగి నుంచి వసూలు చేయడాన్ని కార్మిక శాఖ నిబంధనలు 2007 జులై నుంచి నిషేధించాయి. నగదుగా ఇమ్మన్నా, జీతంలో కోత పెట్టినా, అది ఆ నిషేధం కిందికే వస్తుంది.

ఈ ప్రయారిటీ డేట్ కంపెనీ సొత్తు కాదు, మీది. ఐ-140 ఒకసారి ఆమోదం పొందిన తరువాత మీరు కంపెనీ మారితే, కొత్త యజమాని పెర్మ్, ఐ-140 మళ్లీ మొదటినుంచి చేయవలసిందే. కానీ పాత తేదీ మీతోనే వస్తుంది. మోసం జరిగిందనో, ఆమోదంలోనే ముఖ్యమైన పొరపాటు దొర్లిందనో ప్రభుత్వం రద్దు చేస్తే తప్ప ఆ తేదీ పోదు. 2017 జనవరి 17 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, ఆమోదం వచ్చి 180 రోజులు గడిచాక పాత యజమాని ఐ-140ని వెనక్కి తీసుకున్నా, హెచ్-1బీ పొడిగింపు కోసం ఆ ఆమోదాన్ని మీరు వాడుకోవచ్చు. అందువల్ల ఉద్యోగం మారాలనుకొంటే వీలైనంతవరకు ఆ 180 రోజులు దాటనివ్వడం మంచిది.

ఏ దేశపు గడిలో చూడాలో తేల్చుకోండి

ఇక్కడ పౌరసత్వం లెక్కలోకి రాదు, పుట్టిన చోటునే చూస్తారు. మీరు కెనడా పాస్‌పోర్టు తీసుకున్నా, గుంటూరులో పుట్టి ఉంటే భారతదేశపు గడిలోనే ఉంటారు. ఈ నియమానికి ఉన్న ఒక వెసులుబాటు తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఉపయోగపడేదైనా, తెలియక వదిలేస్తున్నవారు కనిపిస్తారు. భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే, ఇద్దరూ ఆ దేశపు గడిని వాడుకోవచ్చు. తల్లిదండ్రులు కువైట్‌లోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో పనిచేస్తున్న రోజుల్లో అక్కడ పుట్టి, చిన్నప్పుడే కడపకో కరీంనగర్‌కో తిరిగివచ్చిన వారు మనలో తక్కువేమీ కాదు. మీ జీవిత భాగస్వామి పాస్‌పోర్టులో పుట్టిన ఊరు కువైట్ అని ఉంటే, మీరు చూడవలసింది ఇండియా గడి కాదు, "ప్రత్యేకంగా పేర్కొన్నవి కాక మిగిలిన దేశాలు" అన్న మొదటి గడి. పదేళ్లకు పైబడిన నిరీక్షణ కొద్ది కాలానికి తగ్గిపోవచ్చు. పిల్లలు పుట్టిన దేశం మాత్రం తల్లిదండ్రులకు ఈ విధంగా పనికిరాదు.

రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చదవండి

బులెటిన్‌లో కుటుంబ ఆధారిత వీసాలకు, ఉద్యోగ ఆధారిత వీసాలకు వేరువేరు పట్టికలు ఉంటాయి. ఉద్యోగ విభాగంలో మళ్లీ రెండు ఉంటాయి. మొదటిది ఫైనల్ యాక్షన్ డేట్స్. మీ ప్రయారిటీ డేట్ ఇందులోని తేదీకన్నా ముందుదైతే గ్రీన్‌కార్డును ఆమోదించి ఇవ్వడానికి వీలవుతుంది. రెండవది డేట్స్ ఫర్ ఫైలింగ్. ఇది 2015 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది. ఇందులోని తేదీకన్నా మీది ముందుదైతే, కార్డు వెంటనే రాకపోయినా దరఖాస్తు వేసి వరుస లోపలికి ప్రవేశించవచ్చు. అయితే ఏ నెలలో ఏ పట్టికను అనుసరించాలో చెప్పేది విదేశాంగ శాఖ కాదు, యూఎస్‌సీఐఎస్. బులెటిన్ వచ్చిన కొద్ది రోజుల్లో ఆ సంస్థ తన వెబ్‌సైట్‌లో ఈ విషయం ప్రకటిస్తుంది. ఆ పేజీ చూడకుండా రెండవ పట్టికను నమ్మి దరఖాస్తు పంపితే తిరిగివస్తుంది.

గడిలోని తేదీని చదవడంలో కూడా కొత్తవారు తడబడుతుంటారు. ముందు రోజు, తరువాత నెల పేరులోని మొదటి మూడు అక్షరాలు, చివర సంవత్సరంలోని రెండంకెలు వస్తాయి. కాబట్టి 01, ఏప్రిల్, 13 అని వరుసగా కనిపిస్తే అది 2013 ఏప్రిల్ 1, అంతేగాని 2001 ఏప్రిల్ 13 కాదు. గడిలో సీ (కరెంట్) అన్న అక్షరం ఉంటే అందరికీ తలుపు తెరిచి ఉన్నట్లు, యూ అని ఉంటే ఆ నెలలో ఎవరికీ లేనట్లు. ఇక మీ తేదీ గడిలోని తేదీకన్నా ముందుదై ఉండాలి. సరిగ్గా అదే తేదీ అయితే సరిపోదు.

ఒక ఉదాహరణతో చూద్దాం. 2025 అక్టోబరు బులెటిన్‌లో భారతదేశానికి ఫైనల్ యాక్షన్ పట్టికలో ఈబీ-2 తేదీ 2013 ఏప్రిల్ 1, ఈబీ-3 తేదీ 2013 ఆగస్టు 22. డేట్స్ ఫర్ ఫైలింగ్ పట్టికలో ఈబీ-2 తేదీ 2013 డిసెంబరు 1, ఈబీ-3 తేదీ 2014 ఆగస్టు 15. ఆ నెలలో రెండవ పట్టికను వాడుకోవచ్చని యూఎస్‌సీఐఎస్ ప్రకటించింది. మీ ప్రయారిటీ డేట్ 2013 మే 20 అనుకొందాం. ఈబీ-2లో ఉంటే కార్డు ఆమోదానికి ఇంకా సమయం రాలేదు గాని దరఖాస్తు వేయవచ్చు. అదే తేదీతో ఈబీ-3లో ఉంటే కార్డు ఆమోదానికే అర్హత వచ్చినట్లు.

చదువు, అనుభవం ఎక్కువ కోరే ఈబీ-2 కన్నా ఈబీ-3 ముందుకు వెళ్లడం వింతగా కనిపించవచ్చు. రెండింటిలో వేచి ఉన్నవారి సంఖ్య, మిగులు కార్డులు పారే దారి వేరు కావడమే దీనికి కారణం. 2020 అక్టోబరులో ఈబీ-3 ఫైలింగ్ తేదీ ఒక్కసారిగా 2015 జనవరి 1కి చేరింది. అప్పటికి ఈబీ-2 తేదీ 2011 మే 15 దగ్గరే ఉండడంతో వేలమంది డౌన్‌గ్రేడ్‌కు పరుగెత్తారు. డౌన్‌గ్రేడ్ అంటే పాత పెర్మ్‌నే ఆధారంగా చూపి, యజమాని ఈబీ-3లో రెండవ ఐ-140 వేయడం. ప్రయారిటీ డేట్ మారదు, మొదటి ఐ-140 రద్దు కాదు. అయితే వెళ్లినవారంతా అక్కడ గుమిగూడేసరికి ఆ వరుస కూడా నెమ్మదించింది. కాబట్టి మూడు నాలుగు నెలల తేడా చూసి కేటగిరీ మార్చుకోమని నేను సలహా ఇవ్వను. అవకాశం ఉన్నవారు రెండు కేటగిరీల్లోనూ ఐ-140 ఆమోదం ఉంచుకొని, ఐ-485 పెండింగులో ఉండగా ఏది ముందుకు వస్తే దానికి మార్చమని రాతపూర్వకంగా కోరడం మెరుగు.

పట్టికలోని తేదీనుంచి మీ తేదీని తీసివేసి "ఇంకా ఇన్నేళ్లు" అని లెక్క కట్టడం మానుకోండి. పట్టిక ఒక ఏడాది ముందుకు జరగడానికి క్యాలెండరులో నాలుగేళ్లు పట్టవచ్చు, నాలుగు నెలలూ పట్టవచ్చు.

తలుపు తెరుచుకోకముందే కాగితాలు సిద్ధం చేసుకోండి

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. 2022 వేసవిలో భారతదేశపు ఈబీ-2 ఫైనల్ యాక్షన్ తేదీ 2014 డిసెంబరు 1 వరకు వెళ్లింది. ఆ అక్టోబరులో 2012 ఏప్రిల్ 1కి, డిసెంబరులో 2011 అక్టోబరు 8కి వెనక్కి పోయింది. పై ఉదాహరణలోని 2013 మే నాటి తేదీ గలవారు 2022లో దరఖాస్తు వేసి ఉంటే, కార్డు రాకపోయినా వర్క్ పర్మిట్‌తో స్వేచ్ఛగా ఉండేవారు. వేయనివారు మూడేళ్లు ఆగవలసి వచ్చింది. అంతకుముందు 2007 జులైలో ఇంకా విడ్డూరం జరిగింది. ఉద్యోగ కేటగిరీలు దాదాపు అన్నీ కరెంట్ అని బులెటిన్ ప్రకటించిన తరువాత, జులై 2న ప్రభుత్వం మాట వెనక్కి తీసుకొంది. నిరసనలు వెల్లువెత్తాక జులై 17న మళ్లీ ఒప్పుకొని ఆగస్టు 17 వరకు దరఖాస్తులు స్వీకరించింది. అటువంటి నెల మళ్లీ ఎప్పుడు వస్తుందో ముందుగా ఎవరూ చెప్పరు. వచ్చినప్పుడు ఊళ్లో జనన ధ్రువపత్రం కోసం తిరుగుతూ ఉండే స్థితి మీకు రాకూడదు.

జనన ధ్రువపత్రంలో మీ పేరు, పుట్టిన తేదీ, పుట్టిన చోటు, తల్లిదండ్రులిద్దరి పేర్లు ఉండాలి. ఎనభయ్యో దశకంలో పల్లెల్లో, ఇళ్లలో పుట్టినవారికి అసలు నమోదే ఉండదు. నమోదైనవారికి కూడా బిడ్డ పేరు గడి ఖాళీగానో, తల్లి పేరు ముద్దుపేరుగానో ఉండడం కద్దు. అమ్మనో నాన్ననో పంచాయతీ కార్యదర్శి దగ్గరకో, మున్సిపాలిటీకో, మీసేవా కేంద్రానికో పంపి ముందుగా రికార్డు ఉందో లేదో తేల్చుకోండి. రికార్డులో పేరు లేకపోతే చేర్పించండి, తప్పుంటే దిద్దించండి. అసలు నమోదే లేకపోతే మీకు రెండు దారులు ఉన్నాయి. ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్యంగా నమోదు చేయించుకోవచ్చు. లేదా రికార్డు లభ్యం కాలేదని అధికారి ఇచ్చే ధ్రువపత్రం తీసుకొని, దానికి పదో తరగతి మెమో, మీ పుట్టుక స్వయంగా తెలిసిన ఇద్దరు పెద్దల నోటరీ అఫిడవిట్లు జతచేయవచ్చు. పుట్టిన పాతికేళ్లకు చేయించిన నమోదును అధికారులు అనుమానంగా చూసే అవకాశం ఉన్నందున, ఆలస్యంగా నమోదైనవారు కూడా ఆ మెమో, అఫిడవిట్లు దగ్గర ఉంచుకోవడం మేలు. అఫిడవిట్ ఇచ్చే పెద్దలు మీరు పుట్టిన నాటికి ఊహ తెలిసినవారై ఉండాలి. మేనమామ, పెద్దమ్మ వంటివారు సరిపోతారు. వారి ఆరోగ్యం బాగున్నప్పుడే ఈ పని పూర్తి చేయించండి.

ఇంటిపేరు తెచ్చే చిక్కు మనకు ప్రత్యేకం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వేరే గడిలో, జనన ధ్రువపత్రంలో పొడి అక్షరంగా ఉంటుంది. ఈ రూపాలన్నీ ఒక్క మనిషివేనని తెలిపే అఫిడవిట్ ఒకటి చేయించి ఉంచుకోండి. ధ్రువపత్రం తెలుగులో ఉంటే ఆంగ్ల అనువాదం జతచేయాలి. దానికి ప్రభుత్వ గుర్తింపు గల అనువాదకుడే కానక్కర లేదు. రెండు భాషలూ వచ్చిన వ్యక్తి తన అర్హతను, అనువాదం సరైనదేనన్న మాటను రాసి సంతకం చేస్తే చాలు.

పెళ్లికి శుభలేఖ, ఫొటోలు చాలవు. సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు చేయించిన వివాహ ధ్రువపత్రం కావాలి. వైద్య పరీక్ష నివేదిక అయిన ఐ-693ను 2024 డిసెంబరు 2 నుంచి ఐ-485తో పాటే పంపవలసి ఉంది. దీన్ని యూఎస్‌సీఐఎస్ గుర్తించిన సివిల్ సర్జన్ మాత్రమే ఇవ్వగలరు. బులెటిన్ వెలువడిన వారంలో వారి అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. మన దేశంనుంచి వచ్చినవారిలో చాలామందికి క్షయ రక్త పరీక్ష పాజిటివ్‌గా వస్తుంటుంది. దానికి కంగారు పడనక్కర లేదు, ఛాతీ ఎక్స్‌రే తీయించమంటారు. టీకాల కాగితాలు ఇంటినుంచి తెప్పించుకుంటే మళ్లీ సూదులు వేయించుకొనే పని తప్పుతుంది. ఇవి కాక మీ ఐ-94లు (అమెరికాలో ఎప్పటివరకు ఉండవచ్చో తెలిపే రికార్డులు), ఐ-797లు, పాస్‌పోర్టుల్లోని అన్ని ముద్రలు, పన్ను రిటర్నులు, జీతం చీటీలు స్కాన్ చేసి ఒకచోట పెట్టుకోండి. ఐ-485 ఫీజు 2024 ఏప్రిల్ నుంచి 1,440 డాలర్లు, తల్లిదండ్రులతో కలిసి వేసే 14 ఏళ్ల లోపు పిల్లలకు 950 డాలర్లు. పంపే ముందు ఫీజునూ, ఫారం తాజా ప్రతినీ సరిచూసుకోండి.

పెళ్లి కానివారు, ఎదిగిన పిల్లలు ఉన్నవారు గమనించవలసినవి

మీ గ్రీన్‌కార్డు ఆమోదం పొందిన నాటికి పెళ్లి జరిగి ఉంటేనే జీవిత భాగస్వామికి మీ ప్రయారిటీ డేట్ వర్తిస్తుంది. ఆమోదం తరువాత పెళ్లి చేసుకుంటే కుటుంబ కోటాలోని ఎఫ్2ఏ కేటగిరీలో కొత్తగా నిలబడవలసిందే. కాబట్టి సంబంధాలు చూస్తున్నవారు ముహూర్తంతో పాటు బులెటిన్‌ను కూడా చూడవలసి ఉంటుంది. ఇది హాస్యానికి అంటున్న మాట కాదు.

పిల్లలకు 21 ఏళ్లు నిండితే వారు మీ దరఖాస్తు పరిధినుంచి బయటికి పోతారు. దీనిని కొంత సడలించేది 2002 ఆగస్టు 6న అమలులోకి వచ్చిన చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ చట్టం. మీ తేదీ అందుబాటులోకి వచ్చిన నెల మొదటి రోజున బిడ్డ వయసు ఎంతో చూసి, ఐ-140 నిర్ణయం కోసం పెండింగులో ఉన్న రోజులను అందులోంచి తీసివేయాలి. ఐ-140 అప్పటికింకా ఆమోదం పొందకపోతే, ఆమోదం వచ్చిన రోజునుంచి లెక్కిస్తారు. ఆ రోజుకు బిడ్డకు 21 ఏళ్ల 100 రోజులు నిండి, ఐ-140 కి 140 రోజులు పట్టి ఉంటే, చట్టం దృష్టిలో ఇంకా 21 నిండనట్లే. ఐ-140ని ప్రీమియం ప్రాసెసింగ్‌లో వేసి రెండు మూడు వారాల్లో ఆమోదం తెచ్చుకున్నవారికి తీసివేయడానికి రోజులే మిగలవు. పిల్లలు చిన్నవారుగా ఉన్నప్పుడు దీనిని ఎవరూ ఆలోచించరు. అందుబాటు తేదీని ఏ పట్టిక ప్రకారం చూడాలన్నది కూడా మారింది. 2023 ఫిబ్రవరినుంచి డేట్స్ ఫర్ ఫైలింగ్‌ను పరిగణించిన యూఎస్‌సీఐఎస్, 2025 ఆగస్టు 15 నుంచి వేసే దరఖాస్తులకు మళ్లీ ఫైనల్ యాక్షన్ పట్టికకే తిరిగివెళ్లింది. తేదీ అందుబాటులోకి వచ్చాక ఏడాదిలోపు దరఖాస్తు వేయాలన్న షరతు కూడా ఉంది. ఈ లెక్కలో వయసు నిలిచినా, హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే హెచ్-4 మాత్రం అసలు 21వ పుట్టినరోజుతో ముగిసిపోతుంది. పిల్లవాడికి 19 దాటిన కుటుంబం కంపెనీ లాయరుతో సరిపెట్టుకోకుండా సొంతంగా ఒక లాయరును సంప్రదించాలి. కంపెనీ లాయరు మీతో పాటు కంపెనీ తరఫున కూడా పనిచేస్తుంటారు, మీ ఇంటి లెక్కలు చూడడం వారి బాధ్యత కాదు.

వేచి ఉన్నంత కాలం, దరఖాస్తు వేసిన తరువాత

హెచ్-1బీకి ఆరేళ్ల పరిమితి ఉన్నా, 2000 నాటి ఏసీ-21 చట్టం దానికి మినహాయింపు ఇస్తోంది. ఐ-140 ఆమోదమై తేదీ రాకపోతే మూడేళ్ల చొప్పున, పెర్మ్ గాని ఐ-140 గాని వేసి 365 రోజులు గడిచి ఉంటే ఏడాది చొప్పున పొడిగింపు దొరుకుతుంది. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఐ-94 అంతకన్నా ముందే ముగుస్తుంటే అప్పటివరకే. ఆ గడువులో కొత్త యజమాని హెచ్-1బీ దరఖాస్తు వేయాలి. ఆమోదమైన ఐ-140 ఉన్నవారి జీవిత భాగస్వామి హెచ్-4పై వర్క్ పర్మిట్ పొందే వీలు 2015 మే నుంచి ఉంది.

ఐ-485 వేసేటప్పుడే ఈఏడీకి (వర్క్ పర్మిట్‌కు) ఐ-765ను, అడ్వాన్స్ పెరోల్‌కు (దేశం దాటి తిరిగి రావడానికి ముందుగా తీసుకొనే అనుమతికి) ఐ-131ను కలిపి వేయండి. అడ్వాన్స్ పెరోల్ చేతికి రాకముందే దేశం దాటితే ఐ-485ను వదులుకున్నట్లు పరిగణిస్తారు. చెల్లుబాటు అయ్యే హెచ్-1బీ లేదా హెచ్-4 వీసాతో వెళ్లి వచ్చేవారికి మాత్రం ఆ భయం లేదు. అందుకే ఈఏడీ వచ్చినా హెచ్-1బీని వదులుకోవద్దని చాలామంది లాయర్లు చెబుతారు, నా అభిప్రాయం కూడా అదే. దరఖాస్తు 180 రోజులు పెండింగులో ఉన్న తరువాత, అదే తరహా వృత్తిలో ఉన్నంతవరకు, సప్లిమెంట్ జే (కొత్త ఉద్యోగాన్ని ధ్రువీకరించే ఫారం) సమర్పించి యజమానిని మార్చుకోవచ్చు. కొత్త పెర్మ్ అవసరం ఉండదు. ఆ తరువాత తేదీలు వెనక్కి పోయినా మీ దరఖాస్తు అలాగే నిలిచి ఉంటుంది, వర్క్ పర్మిట్ పునరుద్ధరించుకుంటూ ఉండవచ్చు. కాకపోతే 2025 అక్టోబరు 30 నుంచి వేసే పునరుద్ధరణ దరఖాస్తులకు మునుపటిలా తనంతట తాను గడువు పెరిగే సౌకర్యం లేదు. కార్డు ముగియడానికి 180 రోజుల ముందునుంచే దరఖాస్తు వేసే వీలుంది కాబట్టి ఆ మొదటి రోజునే వేయండి.

ఇల్లు మారితే పది రోజుల్లోగా యూఎస్‌సీఐఎస్‌కు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఇది చట్టం విధించిన బాధ్యత. పోస్టాఫీసుకు చిరునామా మార్పు ఇచ్చినంత మాత్రాన సరిపోదు. అదనపు ఆధారాలు కోరుతూ వచ్చే నోటీసులకు గడువు ఉంటుంది. అది పాత అపార్ట్‌మెంటుకు వెళ్లి మీ చేతికి అందకపోయినా ఆ గడువు ఆగదు.